మేజరు గారి చేతి సీసపు బిళ్ళ

మేజరు లెమ్యుయెల్ కార్స్‌వెల్ నా పల్లపు చేను తిన్నాడు. తిని, మూతి తుడుచుకుని, దేవుడికి స్తోత్రం చెప్పి, పోయిన నెల ఇరవయ్యో తారీకున తన ఈకల పరుపు మీద నిద్రలోనే హాయిగా పోయాడు.

ఆయన జీవితం గురించి కౌంటీ పత్రిక ఒకటిన్నర కాలమ్ అచ్చు వేసింది. ఆదర్శ రైతు, యుద్ధవీరుడు, ముప్పై ఒక్కేళ్ళు హెబ్రోను సంఘానికి పెద్ద. రాసింది మా సంఘ పాస్టరు, గిల్మర్ అయ్యగారు. మూడుసార్లు కూడబలుక్కుని చదివాను. అబద్ధం ఒక్కటీ దొరకలేదు. నా కడుపు మండింది అందుకే. నేను మూడో వాచకంతో బడి మానేసినవాణ్ణి, అయ్యగారిలా మాటలు కుట్టడం రాదు. కానీ ఆ రెండో కాలమ్‌లో సగం మిగిలిపోతే ముల్లంగి విత్తనాల ప్రకటన వేసి నింపారు. ఆ విత్తనాల చోట పట్టాల్సింది ఏమిటో నేను చెబుతాను.

ముందు యుద్ధవీరుడి సంగతి. మేజరు అన్నది యుద్ధంలో వచ్చిన హోదా కాదు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లు మా దక్షిణ కరోలినా ఊళ్ళలో కవాతు జరిగేది. మగాళ్ళం అంతా వరసగా నిలబడి, చేతికందిన తుపాకీ భుజాన పెట్టుకుని, తర్వాత విస్కీ తాగి ఇంటికి పోయేవాళ్ళం. ఆ కవాతులకి ఆయన మేజరు. పద్దెనిమిది వందల అరవై ఒకటిలో ఉత్తరాదివాళ్ళతో నిజం యుద్ధం వచ్చినప్పుడు మా కంపెనీకి కెప్టెను అయ్యాడు. అంటే యుద్ధానికి వెళ్ళి హోదా తగ్గించుకున్న మనిషి ఆయన ఒక్కడే. ఇంటికి రాగానే మళ్ళీ మేజరు అయిపోయాడు. వర్జీనియాలో అయిదు నెలలున్నాడు. గాయం కూడా నిజమే. ఎడమ మోకాలి మీద కంచరగాడిద తన్నింది. పత్రికలో "సైనిక సేవలో గాయపడి" అని ఉంది. గాడిద సైన్యానిదే కనక ఆ మాట కాదనలేను.

కుంటుకుంటూ ఇంటికొచ్చిన ఆయనకి ప్రభుత్వం ఇంకో పని అప్పగించింది. ప్రతి రైతు పంటలో పదో వంతు సైన్యం కోసం కొలిచి తీసుకెళ్ళడం. అది చాలా శ్రద్ధగా చేశాడు. నేను మూడేళ్ళు వర్జీనియాలోనే పోరాడి, నాలుగో ఏడు ఉత్తరాదివాళ్ళ చెరలో ఎలకల్ని తింటున్నప్పుడు, ఆయన మా ఇంటి ముందు గుర్రం ఆపి నా పెళ్ళాం కెజీయాతో అన్నాడట: "ఆ పల్లపు చేను బీడు పడితే పాపం తల్లీ. నీ మొగుడు వచ్చేదాకా నా మనుషులతో దున్నిస్తాను. సైన్యానికి నాలుగు గింజలు వస్తాయి." కెజీయా ఆయనకి దణ్ణం పెట్టినంత పని చేసింది. అప్పుడామె ఉన్న స్థితి అది. చెరలో పడబోయే ముందు నేను సెలవు మీద ఒక్కసారి ఇంటికి వచ్చి వెళ్ళాను. ఆ తర్వాత పుట్టిన మగబిడ్డ పదకొండు రోజులు బతికి, బాప్తిస్మం లేకుండానే పోయాడు. అయ్యగారు ఆ నెల అవతలి సంఘాల్లో తిరుగుతున్నాడు.

ఆ చేను గురించి చెప్పాలి. మా నాన్న నాకు వదిలిన పొలంలో మెట్టంతా ఎర్రమన్ను. వాన పడితే సగం కొట్టుకుపోతుంది, పడకపోతే అంతా పగుళ్ళిస్తుంది. తిండి పెట్టేది కేన్ వాగు పక్కన ఉన్న నల్ల పల్లం ఒక్కటే. మొదట వాగు ఆ పల్లానికి అవతల, మేజరు గారి గుట్ట అంచునే పారేది. నలభై ఆరులో పెద్ద వరద వచ్చి వాగు ఇవతలకి దూకింది. చేను అవతల ఉండిపోయింది. మేజరు గారి తండ్రి, మా నాన్న ఇద్దరూ మాట్లాడుకుని, వాగు ఎటు పోయినా భూమి ఎవరిది వాళ్ళదే అనుకుని, పాత వాగు గట్టున ఒక హద్దురాయి పాతారు.

గుంట తవ్వింది జూబల్. పెద్ద కార్స్‌వెల్ గారి బానిస, అప్పటికి పన్నెండేళ్ళు. రాయి నిలబెట్టాక పెద్దాయన వాణ్ణి దానికి ఆనించి ఏడు దెబ్బలు కొట్టాడు. వాడు చేసిన తప్పేమీ లేదు. హద్దురాయి పాతినప్పుడు ఒక కుర్రాణ్ణి కొట్టడం మా పెద్దలు సముద్రం అవతల నుంచి తెచ్చుకున్న ఆచారం. దెబ్బ తిన్న చోటు జన్మలో మరవడని. అక్కడ సొంత కొడుకుల్నే కొట్టేవారట. ఇక్కడికొచ్చాక ఆ అవసరం తీరింది. నేను అక్కడే ఉన్నాను, పదేళ్ళవాణ్ణి. నన్ను కొట్టనందుకు సంతోషించాను.

అరవై అయిదు జూన్‌లో కాలినడకన ఇంటికొచ్చాను. మేజరు గారు ఎదురొచ్చి కావలించుకున్నాడు. దున్నుకోమని కంచరగాడిదని ఇచ్చాడు. చేను సంగతి ఎత్తితే, "ఈ ఏడు మొక్కజొన్న వేసేశాను నాయనా, కోసుకుని వదిలేస్తా" అన్నాడు. మరుసటి ఏడు, "నీ ఒంట్లో ఇంకా ఓపిక రాలేదు, చూసుకుందాం లే" అన్నాడు. ఆ మరుసటి ఏడు నేను అడగలేదు. గాడిద ఇంకా నా దొడ్లోనే ఉంది. అడగబోయినప్పుడల్లా అది నా వైపు చూస్తున్నట్టు ఉండేది.

డెబ్భై నాలుగు ఆగస్టులో మాకు ఆడపిల్ల పుట్టింది. ఇన్నాళ్ళకి పుట్టింది. అప్పటికి మెట్ట పొలం ముగ్గురికి రొట్టె కూడా పెట్టడం లేదు. వెళ్ళి అడిగాను. మేజరు గారు వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"మేజరు గారూ, ఇంక నా పల్లం నాకు వదిలేయండి."

"ఏ పల్లం రా హైరం?"

"వాగు అవతలది."

"వాగు అవతలదంటే నాదేగా. మన దస్తావేజుల్లో హద్దు వాగనే కదా ఉంది."

"పాత వాగు. మీ నాన్నగారు, మా నాన్న రాయి పాతారు."

"పాతారా? అయితే చూపించు. రాయి చూపించిన క్షణంలో గొర్రు ఎత్తించేస్తా."

రాయి లేదు. పదేళ్ళు ఆయన నాగళ్ళు తిరిగిన చోట రాయి ఎలా ఉంటుంది?

"మీకు తెలీదా మేజరు గారూ?"

ఆయన గ్లాసు కింద పెట్టి, నిజంగా బాధపడుతూ నా వైపు చూశాడు. "వాగును జరిపింది నేనా, నువ్వా? దేవుడు. ఆయన గీసిన హద్దును చెరపడానికి నేనెవర్ని నాయనా? మజ్జిగ తాగుతావా?"

తాగాను. దాహంగా ఉంది.

కౌంటీ ఊళ్ళో ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ బల్ల వేసుకున్నవాడు, అందుకని ఆయన గుమ్మం ఎక్కడానికి నాకు సిగ్గేసింది. ఆయన అంతా విని, వేళ్ళ మీద లెక్కపెట్టి, "వచ్చే జూన్‌కి పదేళ్ళు నిండుతాయి. నువ్వు తిరిగొచ్చాక కూడా పదేళ్ళు ఆయనే దున్నుకుంటే చట్టం ప్రకారం భూమి ఆయనదైపోతుంది. ఈలోపల దావా వెయ్యి. ఆ జూబల్ బతికే ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు. మేజరు గారి దగ్గరే పాలుకి చేస్తున్నాడు."

"ఇంకేం, తీసుకురా. ఇప్పుడు కోర్టులో నల్లవాళ్ళ సాక్ష్యం చెల్లుతుంది. జ్యూరీలో సగం మంది వాళ్ళే కూర్చుంటున్నారు. వాడి వీపు చూశాక ఏ జ్యూరీ నీకు కాదంటుంది?"

వాళ్ళు జ్యూరీలో కూర్చోవడం గురించి నేను అయిదేళ్ళుగా ప్రతి కూడలిలో తిట్టినవాణ్ణే. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. కెజీయా పిల్లని ఒళ్ళో వేసుకుని వింటోంది.

"పో కోర్టుకి. పోతే పిల్ల బాప్తిస్మం ఏమవుతుందో చెప్పి పో."

ఆమె అడిగింది సరైన ప్రశ్నే. మా సంఘంలో సహోదరుడి మీద కోర్టుకెక్కాలంటే ముందు సంఘ పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళు తేల్చకుండా కోర్టు మెట్లెక్కినవాడు ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి, దూరం. బల్లకి దూరమైనవాడి బిడ్డకి బాప్తిస్మపు నీళ్ళు పొయ్యరు. అయ్యగారు నాలుగు సంఘాలకి ఒక్కడు. మాకు బల్ల ఏడాదికి రెండే సార్లు. అక్టోబరు తప్పితే మళ్ళీ వసంతం.

"వసంతంలో పోయిస్తాం."

"వసంతం దాకా ఉంటుందని రాసిస్తావా?" అంది కెజీయా. పిల్ల సన్నగా దగ్గుతోంది. "నాకు ఒకడు పోయాడు అలా. పెట్టెకి మేకులు కొట్టింది నేను. నువ్వు కాదు."

సరే, ముందు సంఘం, తర్వాత కోర్టు అనుకున్నాను. సంఘం వారంలో తేల్చేస్తే జూన్ ఇంకా దూరమే.

జూబల్ దగ్గరికి వెళ్ళాను. పత్తి ఏరుతున్నాడు. నలభై ఏళ్ళకే జుట్టు తెల్లబడింది. వాళ్ళ మనుషులంతా విడిగా కొమ్మల పందిరి కింద కట్టుకున్న సంఘానికి అతను పెద్ద.

"జూబలూ, ఒక మాట."

"చెప్పండి డన్లాపు గారూ. చెయ్యి ఆపనని ఏమనుకోకండి. మేజరు గారి సగం ఏరుతున్నా."

"ఏది ఆయన సగమో ఎలా తెలుస్తుంది?"

"ముందు ఏరిందంతా ఆయనదే."

నేను నవ్వాను, అతను నవ్వలేదు. రాయి సంగతి గుర్తుందా అని అడిగాను.

"బాగా అడిగారు! వాన పట్టే ముందు నా వీపు చెప్పేస్తుంది అదెక్కడుందో. అక్రోటు చెట్టు మొదట్లోంచి పద్దెనిమిది అంగలు, పొద్దుగూకే వైపు. ఆ చెట్టు మోడు ఇంకా ఉంది."

"ఆ మాట పెద్దల ముందు చెప్పాలి. మన సంఘంలో."

చెయ్యి ఆగిపోయింది. "ఏ సంఘం?"

"హెబ్రోను."

అతను పక్క సాలులో ఉన్న పెళ్ళాన్ని కేకేశాడు. "ఒసే డైసీ! విన్నావా? డన్లాపు గారు మన సంఘం అంటున్నారు!"

"ఏదీ? అరవై తొమ్మిదిలో మన పేర్లన్నీ కొట్టేశారే, అదేనా?" అంది డైసీ, తల ఎత్తకుండా. "కొట్టెయ్యండి అని లేచి నిలబడ్డాయన ఇంకా బాగానే నిలబడుతున్నాడే!"

నిజమే. స్వేచ్ఛ వచ్చాక కూడా వాళ్ళు అరవై ఒక్క మంది మా సంఘ పుస్తకంలోనే ఉండేవాళ్ళు, మేడ మీద బల్లల్లో కూర్చునేవాళ్ళు. పేర్లు కొట్టెయ్యాలని మిల్లు యజమాని మోఫాట్ ప్రతిపాదించాడు. బలపరచడానికి ఒకరు కావాలి. మేజరు గారు నా వైపు చూసి తల ఆడించాడు. నేను లేచాను.

"పోనివ్వండి," అన్నాడు జూబల్. "మీ పెద్దల ముందు నా మాట చెల్లదు, నన్ను అక్కడికి పిలవకండి. కోర్టుకి పిలిపించండి, వస్తా. అక్కడ నా చెయ్యీ మేజరు చెయ్యీ ఒకే గ్రంథం మీద పెట్టిస్తున్నారు, ఇప్పటికైతే. ఆలస్యం చెయ్యకండి మరి."

"ఆయన నిన్ను పొలంలోంచి గెంటేస్తాడేమో?"

"గెంటేస్తాడు. అయినా ఆ ఏడు దెబ్బలు ఎక్కడో ఒక చోట లెక్కలోకి రావాలని నాకు మాత్రం ఉండదా?"

బల్ల వారం గురువారంతో మొదలవుతుంది. ఆ రోజు ఉపవాసం. మధ్యాహ్నం పెద్దలు కూర్చున్నారు: అయ్యగారు, మేజరు గారు, మోఫాట్, ఇంకా ముసలి నీల్ హెంఫిల్. మోఫాట్ మేజరు గారి భార్యకి అన్న. నీల్ హెంఫిల్‌కి రెండు చెవులూ వినబడవు, అందుకని ఆయన ఒక్కడే పక్షపాతం లేనివాడు.

మేజరు గారు లేచాడు. "నా మీద ఫిర్యాదు ఉన్నప్పుడు నేను తీర్పరుల బల్ల మీద కూర్చోవడం ధర్మం కాదు," అని కిందకి దిగి నా పక్కనే కూర్చున్నాడు. అందరికీ గుండె కరిగింది. నాకూ కొంచెం కరిగింది. కాకపోతే సంఘ పుస్తకం రాసేది ఆయనే. నలుగురిలో దస్తూరి చదవడానికి వీలైంది ఆయనదొక్కటే. అందుకని తీర్పరి బల్ల వదిలినా కలం మాత్రం వదల్లేదు.

నా మాట చెప్పాను. సాక్షి ఎవరని అడిగారు. జూబల్ అన్నాను. సాక్షి సంఘ సభ్యుడై ఉండాలన్నాడు అయ్యగారు. సభ్యుడే అయ్యేవాడు, మనం కొట్టెయ్యకపోతే, అన్నాను.

మేజరు గారు పుస్తకం పేజీలు తిప్పి మెల్లగా చదివాడు: "ప్రతిపాదించినవారు మోఫాట్. బలపరిచినవారు హైరం డన్లాప్." చదివి, నా భుజం తట్టాడు. ఎగతాళిగా కాదు. ఓదార్పుగా.

తీర్పు సోమవారానికి వాయిదా వేసి ప్రార్థన చేశారు.

శనివారం బిళ్ళలు ఇచ్చే రోజు. బల్లకి తగినవాళ్ళకి పెద్దలు ఒక్కో సీసపు బిళ్ళ ఇస్తారు. ఆదివారం అది చేతిలో ఉంటేనే బల్ల దగ్గరికి రానిస్తారు. బొటనవేలి గోరంత ఉంటుంది. యుద్ధంలో సీసం లేక కిటికీ తలుపుల బరువులు కూడా కరగబోసి తూటాలు చేశాం కానీ ఆ బిళ్ళల సంచి జోలికి ఎవరూ పోలేదు. ఇచ్చే ముందు పెద్ద ఒక ప్రశ్న అడుగుతాడు: "ఏ సహోదరుడి మీదనైనా నీ మనసులో ఏమైనా ఉందా?" దానికి "లేదు" అనాలి. అందరూ అంటారు. బాగున్నావా అంటే బాగున్నా అన్నట్టు. శామ్ రీడ్ తన బావమరిది చెవి కొరికిన వారమే లేదన్నాడు. వెనకాల చెవికి గుడ్డ కట్టుకుని నిలబడ్డ బావమరిదీ లేదన్నాడు. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎప్పుడూ పుస్తకంలో రాయలేదు.

ఆ శనివారం బిళ్ళలు ఇచ్చే వంతు మేజరు గారిది.

వరస కదులుతోంది. నా పక్కన కెజీయా, ఆమె భుజం మీద పిల్ల. నాకు వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. కెజీయా గొణిగింది: "అది నీకూ దేవుడికీ మధ్య మాట. చేను సంగతి సోమవారం కదా. పద."

నాకూ అలాగే తోచింది. చేను తీర్పు విడిగా ఉంది, వాయిదా పడి ఉంది. ఈ ప్రశ్న దాని గురించి కాదు అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ సంఘంలో పెరిగినవాడికి మాత్రమే తట్టే తెలివితక్కువ అది. కొత్తవాడైతే ఆ ప్రశ్నను మామూలు ప్రశ్నలా విని మామూలుగా జవాబు చెప్పేవాడు.

"హైరం," అన్నాడు మేజరు గారు, "ఏ సహోదరుడి మీదనైనా నీ మనసులో ఏమైనా ఉందా?"

"లేదు."

ఆయన బిళ్ళ నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తన వేళ్ళతో మూశాడు. కళ్ళ నిండా నీళ్ళు. "నా తమ్ముడివిరా నువ్వు," అన్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. యుద్ధంలో చాలామంది ఏడవగా చూశాను, నాకు తేడా తెలుసు. ఆయన నన్ను ప్రేమించాడు. నేను లేదన్నందుకు ఇంకా ఎక్కువ ప్రేమించాడు.

ఆదివారం తెల్ల దుప్పట్లు పరిచిన పొడుగు బల్లల దగ్గర ఆయన పక్కనే కూర్చున్నాను. రొట్టె ఆయన విరిచి నాకు అందించాడు. తర్వాత పిల్లకి మార్తా అని పేరు పెట్టి నీళ్ళు పోశారు. చల్లటి నీళ్ళకి అది కెవ్వుమంది. ఆ కేక విని కెజీయా నవ్వింది. పదేళ్ళలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. ఆ పూట నేనూ సంతోషంగానే ఉన్నాను, అబద్ధం ఎందుకు?

సోమవారం కృతజ్ఞతారాధన అయ్యాక పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. ఈసారి సంఘంలో సగం మంది వెనక బల్లల్లో ఉండిపోయారు. కెజీయా గుమ్మం దగ్గర నిలబడింది. మేజరు గారు పుస్తకం తెరిచి తన అందమైన దస్తూరి చదివాడు. శనివారం నాడు సహోదరుడు డన్లాప్, ఏ సహోదరుడి మీదా తన మనసులో ఏమీ లేదని పెద్దల ఎదుట పలికి, సహోదరుడు కార్స్‌వెల్ చేతి మీదుగా బిళ్ళ స్వీకరించి, ఆయనతో కలిసి బల్లలో పాలు పొందినందున, ఫిర్యాదు సమసిపోయినట్టు సంఘం సంతోషంతో గ్రహిస్తున్నది.

"అదేంటి!" అని లేచాను. "అది బిళ్ళ కోసం అన్న మాట. అందరూ అనేదే!"

"కూర్చో హైరం," అన్నాడు అయ్యగారు. "బిళ్ళ కోసం అన్నావా? అంటే మనసులో ఒకటి పెట్టుకుని లేదన్నావా?"

"చేను సంగతి వాయిదా వేసింది మీరే కదా అయ్యగారూ!"

"నేను అడిగింది చేను గురించి కాదు. ప్రభువు బల్ల దగ్గరికి అబద్ధం ఆడి వచ్చావా, లేదా? అంతే చెప్పు."

మోఫాట్ గడ్డం గోక్కుంటూ అందుకున్నాడు. "అబద్ధం ఆడి తీసుకున్న బిళ్ళయితే, ఆ బిళ్ళ మీద జరిగిన బాప్తిస్మం కూడా చెల్లుతుందో లేదో చూడాల్సి వస్తుంది మరి."

"ఏమన్నాడు? ఏమన్నాడు?" అని నీల్ హెంఫిల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"బాప్తిస్మం చెల్లదేమో అంటున్నా!" అని మోఫాట్ గట్టిగా అరిచాడు. గుమ్మం దాకా వినబడింది.

ఒకసారి నీళ్ళు పోశాక ఆ బాప్తిస్మాన్ని వెనక్కి తీసేదంటూ లేదు. అయ్యగారికి ఆ సంగతి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళ తర్వాత ఎప్పుడో మాటల మధ్యలో నాకు ఆయనే చెప్పాడు. ఆ సోమవారం మాత్రం కిటికీలోంచి గుర్రాల వైపు చూస్తూ ఊరుకున్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. కెజీయా పిల్ల తల మీద చెయ్యి అడ్డంగా పెట్టింది, ఎవరో వచ్చి ఆ నీళ్ళు తుడిచేస్తారేమో అన్నట్టు.

"చెప్పు హైరం," అన్నాడు అయ్యగారు. "అబద్ధం ఆడావా?"

"ఆడలేదు."

"అయితే సహోదరుడి మీద నీకు ఏమీ లేదు."

"లేదు."

మేజరు గారు రాసుకున్నాడు. ఇసక చల్లి సిరా ఆరబెట్టి, కీర్తన ఎత్తుకున్నాడు. అందరం పాడాం. నా గొంతు బాగుంటుంది, నేనూ పాడాను.

ఆ క్రిస్మస్‌కి మేజరు గారి బండి మా ఇంటి ముందు ఆగింది. ఒక బస్తా మొక్కజొన్నపిండి, ఒక ఉప్పు పంది తొడ. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ వచ్చేది. పల్లపు మొక్కజొన్న రుచి నాకు తెలియకుండా పోదు, మా నాన్న నా నోట్లో ముద్ద పెట్టిన నేల అది. కెజీయా రొట్టె కాల్చేది. నేను తినేవాణ్ణి. ఆయన పేదల్ని మరవని మనిషి అని పత్రికలో ఉన్నది అందుకే అబద్ధం కాదు.

రెండేళ్ళకి పైగా సిగ్గుతో కోర్టు వైపు పోలేదు. మార్తా నడిచింది, పరిగెత్తింది, ఇంకా రొట్టె అడిగింది. లాయరు చెప్పిన జూన్ గడువు ఎప్పుడో దాటిపోయినా, డెబ్భై ఏడు వసంతంలో తెగించి కోర్టుకెక్కాను. అప్పటికి కాలం మారింది. అంతకుముందు ఏడు ఎర్ర చొక్కాలు తొడుక్కుని, తుపాకులు పట్టుకుని, గుర్రాల మీద ఊరూరా తిరిగి, నల్లవాళ్ళు ఓటెయ్యకుండా బెదిరించి మేమే మార్చాం. నా చొక్కా కెజీయా కుట్టింది. జూబల్ గుమ్మం ముందు నుంచి కూడా తిరిగాం, రెండుసార్లు. ఆ చలికాలంలోనే అతను డైసీనీ పిల్లల్నీ బండెక్కించుకుని అర్కాన్సాకి వెళ్ళిపోయాడు. ఉత్తరాది లాయరు అంతకంటే ముందే వెళ్ళిపోయాడు. జ్యూరీలో పన్నెండు మందీ మావాళ్ళే కూర్చున్నారు, నేను కోరుకున్నట్టే. వాళ్ళలో ఏడుగురు హెబ్రోను సంఘంవాళ్ళు.

మేజరు గారి లాయరు సంఘ పుస్తకం తెచ్చి చదివాడు.

"ఈ మాట నువ్వన్నావా?" అని జడ్జి నన్ను అడిగాడు.

"అన్నానండి."

"ఒకసారా?"

"రెండుసార్లండి."

వెనకాల ఎవరో నవ్వారు. జ్యూరీ లోపలికి వెళ్ళి, కుర్చీలు వేడెక్కకముందే బయటికొచ్చింది. సహోదరుడి మీద కోర్టుకెక్కినందుకు సంఘం నన్ను ఆరు నెలలు బల్లకి దూరం పెట్టింది. ఆ తీర్మానం కూడా మేజరు గారి దస్తూరిలోనే ఉంది, నా మీద దయ చూపాలని ఆయన విన్నవించుకున్న వాక్యంతో సహా. కోర్టు కొలతదారు గొలుసు పట్టుకుని చేను నాలుగు మూలలూ తిరిగి, మేజరు గారి పేరున కాగితం మీద లెక్క వేసి, నకలు నా చేతికిచ్చాడు. వాగు అవతల నల్లమన్ను, ఇరవై ఆరు ముప్పావు ఎకరాలు.